ముంత పెరుగు, మూరకో బ్రేకర్

కొత్తమల్లవరం పట్టణంలో మొదటి స్పీడ్ బ్రేకర్ ఒక మేకపిల్ల పుణ్యమా అని పుట్టింది. మునిసిపల్ చైర్‌పర్సన్ గారి భర్త సాయంత్రంపూట వాకిట్లో కుర్చీ వేసుకుని మేకపిల్లకి తమలపాకు తినిపిస్తుండగా, ఎవడో కుర్రాడు మోటారుసైకిలు మీద దూసుకుపోయాడు. మేకపిల్లకి ఏమీ కాలేదు. తమలపాకు మాత్రం కిందపడింది. తెల్లారేసరికి ఆ ఇంటి ముందు తారుతో పోసిన బ్రేకర్ లేచింది. పన్నెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు, మీద తెల్లచారలు. చైర్‌పర్సన్ గారు కూడా దాన్ని చూశారు. ఆవిడకి ఆ ఊళ్లో చూడటమే పని, మిగతా పనులన్నీ భర్త చూసుకుంటాడు.

అంతటితో ఆగితే కథే లేదు. కానీ వైస్ చైర్మన్ ఆ దారిన పోతూ, తన కారు ఆ ఇంటి ముందు వంగి వంగి నమస్కారం పెట్టినట్టు నడవడం గమనించాడు. ఆయనకి నిద్ర పట్టలేదు. మూడోరోజుకి ఆయన ఇంటి ముందు కూడా బ్రేకర్ వచ్చింది. ఆ తర్వాత కౌన్సిలర్లు, మాజీ కౌన్సిలర్లు, ఓడిపోయినా పేరుకి ముందు కౌన్సిలర్ అని రాసుకునేవాళ్లు, అందరూ వరసగా అర్జీలు పెట్టుకున్నారు. ఇంటి ముందు బ్రేకర్ లేని మనిషికి పెళ్లిపత్రిక కూడా పోస్టులోనే వస్తుందని ఊళ్లో అనుకోసాగారు. మూడు నెలలు తిరిగేసరికి యాదవపాలెం నుంచి బస్టాండు దాకా ఉన్న పన్నెండువందల మీటర్ల మెయిన్ రోడ్డు మీద నలభై ఒక్క బ్రేకర్లు లేచాయి.

ఈ నలభై ఒక్క బ్రేకర్ల వల్ల ఊళ్లో అందరికంటే ఎక్కువ కుదుపు తిన్నవాడు పెరుగు మాలకొండయ్య.

మాలకొండయ్యకి యాదవపాలెంలో ఇల్లు, ఆరు బర్రెలు, ఒక పాత మోపెడు. రోజూ పొద్దున్నే అరవై మట్టిముంతల గడ్డ పెరుగు మోపెడు వెనక చెక్కపెట్టెలో సర్దుకుని, బస్టాండు పక్కనున్న శేషగిరి మెస్సుకి చేరవేయడం అతని బతుకు. బర్రెలు మేపేది అతను, తోడు పెట్టేది భార్య రవణమ్మ. ఆ పెరుగుకి ఒక పరీక్ష ఉంది. శేషగిరి తండ్రి కాలం నుంచి వస్తున్న పద్ధతి అది. పొద్దున పెట్టె దించగానే మెస్సు యజమాని అందులోంచి ఏదో ఒక ముంత తీసి, అందరి ముందూ తలకిందులుగా తిరగేస్తాడు. పది అంకెలు లెక్కపెట్టేదాకా పెరుగు కిందపడకూడదు. మాలకొండయ్య తండ్రి పెరుగు పడలేదు. మాలకొండయ్య పెరుగు ఇరవై రెండేళ్లుగా పడలేదు. తిరగేసిన ముంతని చూడటానికే కొందరు మెస్సుకి వచ్చి, చూసిన మర్యాదకి భోజనం చేసి పోయేవారు.

బ్రేకర్లు ఇరవై దాటిన వారంలో పెరుగు అంచులు వదిలింది. ముప్ఫై దాటాక ముంతలో ఒక పక్క పెరుగు, ఒక పక్క నీళ్లు కనపడ్డాయి. నలభై ఒకటో బ్రేకర్ తారు ఆరిన మర్నాడు శేషగిరి ముంత తిరగేశాడు. పెరుగంతా జారి అతని చెప్పుల మీద పడింది. మెస్సులో ఇడ్లీ తింటున్నవాళ్లు తలెత్తి చూసి, మళ్లీ మర్యాదగా ఇడ్లీల్లోకి తలలు దించుకున్నారు.

శేషగిరి చెప్పులు కడుక్కుని వచ్చి నెమ్మదిగా అన్నాడు. "మాలకొండయ్యా, మన ఇద్దరి నాయనల కాడనుంచి నడుస్తున్న యవ్వారం ఇది. నేను కాదనలేను. కానీ ప్యాకెట్ పెరుగు కంపెనీవాడు రోజూ వచ్చి కూర్చుంటుండాడు. వచ్చే నెలాఖరు దాకా చూస్తా. ఒకటో తారీఖున ముంత తిరగేసినప్పుడు పడిందంటే, ఇంక నన్నేం అనబాక."

"పెరుగు తప్పేం లేదు శేషగిరీ. రోడ్డు తప్పు."

"తినేవాళ్లకి రోడ్డు వడ్డించను గదా."

మాలకొండయ్య పెట్టె మళ్లీ మోపెడు మీదికి ఎత్తుకున్నాడు. ఇంటికొచ్చి పెట్టె దించి, అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. తండ్రి పోయినరోజు కూడా అతనికి అంత దిగులు కలగలేదు. తండ్రి పోయిన రోజు కూడా ముంత నిలబడింది మరి.

అతను చెయ్యని ప్రయత్నం లేదు. ముంతల మధ్య గడ్డి కూరాడు. గడ్డితో సహా ముంతలు ఎగిరాయి. మోపెడు దిగి నడిపించుకుంటూ వెళ్లాడు. గంట పట్టింది, ఎండకి పెరుగు పులిసింది. కాలవగట్టు వీధిలోంచి చుట్టు తిరిగి వెళ్లాడు. అప్పటికే ఊళ్లో బండ్లన్నీ ఆ ఉపాయమే ఆలోచించి అటు మళ్లాయి. "కాలవగట్టు వీధిలో రద్దీ పెరిగిన విషయం దృష్టికి వచ్చింది" అని మునిసిపాలిటీ అక్కడ కూడా పదిహేను బ్రేకర్లు పోసింది. సిటీ బస్సెక్కిన జనం మూడో బ్రేకర్ దగ్గర దిగి, నడిచి వెళ్లి, బస్టాండులో అదే బస్సుకి ఎదురుచూసి, కిటికీలోంచి తమ సంచులు అందుకుంటున్నారు.

సరే, ప్రభుత్వం ఉన్నది ఎందుకు, చెప్పుకుందామని మాలకొండయ్య సోమవారం అర్జీల కౌంటరుకి వెళ్లాడు. అక్కడ కంప్యూటరు ముందు గౌసియా కూర్చుని ఉంది. యాదవపాలెం పిల్లే, చిన్నప్పుడు రవణమ్మ చేతి మజ్జిగ తాగి పెరిగింది.

"రోడ్డు మీద బ్రేకర్లు తీసెయ్యమని రాయి తల్లీ. అన్నీ వద్దులే, సగం తీసినా చాలు."

గౌసియా కంప్యూటరులో వెతికింది. "తీసెయ్యాలి అనే గడి లేదు పెదనాన్నా. రోడ్ల కింద రెండే ఉన్నాయి. రోడ్డు వెయ్యాలి, స్పీడ్ బ్రేకర్ కావాలి. రోడ్డు వెయ్యాలి నొక్కితే రెండేళ్ల నుంచి తిరుగుతానే ఉంటది, ముందుకు పోదు."

"మరి ఎట్టా?"

"స్పీడ్ బ్రేకర్ అనేది నొక్కి, కింద వివరాల్లో నువ్వు చెప్పింది మొత్తం రాస్తా. చదువుకుంటారు గదా."

వివరాలు ఎవరూ చదవలేదు. చదవాల్సిన నియమం లేదు. ఏడు రోజుల్లో అర్జీ పరిష్కరించాలనే నియమం మాత్రం ఉంది, పరిష్కరించకపోతే పైఆఫీసులో కమిషనర్ గారి పేరు ఎర్రగా వెలుగుతుంది. అందుకని ఆరోరోజు పొద్దున్నే మేస్త్రీ, నలుగురు కూలీలు వచ్చి మాలకొండయ్య ఇంటి ముందు చక్కటి బ్రేకర్ పోసిపోయారు. మధ్యాహ్నానికి అతని ఫోనుకి సందేశం వచ్చింది. 'మీ అర్జీ సంతృప్తికరంగా పరిష్కరించబడింది.'

రవణమ్మ వాకిట్లో నిలబడి దాన్ని ఎగాదిగా చూసింది. "తీసెయ్యమని పోయి ఇంకోటి పెట్టించుకొచ్చావా?"

"పొరపాటు పడుంటారే. మళ్లీ పోయి చెప్తా."

మళ్లీ వెళ్లాడు. మళ్లీ గౌసియా అదే గడి నొక్కి, ఈసారి వివరాల్లో 'వద్దు' అనే మాట మూడుసార్లు రాసింది. ఆరోరోజున మొదటి బ్రేకర్ని ఆనుకుని రెండో బ్రేకర్ వచ్చింది. రవణమ్మ ఆ పూట మొగుడికి మజ్జిగ కూడా పొయ్యలేదు.

ఇంతలో ఇంకో విడ్డూరం జరిగింది. ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఒక లెక్చరరమ్మ, ఆమె విద్యార్థులు వచ్చి, స్టాప్‌వాచీలు పట్టుకుని వారంపాటు ఆ రోడ్డు మీద నిలబడి, బ్రేకర్ల వల్ల ఎంత ఆలస్యమవుతోందో లెక్కగట్టారు. ఆ నివేదిక చదివే సమావేశానికి మజ్జిగ పట్టుకెళ్లింది మాలకొండయ్యే. పెరుగు ఎలాగూ దారిలోనే చిలికిపోతోంది కనక, మునిసిపల్ ఆఫీసు వాళ్లు మజ్జిగ అతని దగ్గరే తీసుకుంటున్నారు. అతను గ్లాసులు అందిస్తూ అంతా విన్నాడు.

లెక్చరరమ్మ నిలబడి చెప్పింది. "సర్, ఒక్కో బ్రేకర్ దగ్గర సగటున పంతొమ్మిది సెకన్ల ఆలస్యం జరుగుతోంది. అయిదు నిమిషాల దారికి ఇప్పుడు పద్దెనిమిది నిమిషాలు పడుతోంది. పైగా రెండు బ్రేకర్ల మధ్య ఖాళీ దొరగ్గానే, పోయిన టైము రాబట్టుకోవాలని అందరూ ఇదివరకటి కంటే వేగంగా తోలుతున్నారు."

కమిషనర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, మీ అధ్యయనం అభినందనీయం. అయితే ఆలస్యం అనే పదం ప్రజల్లోకి తప్పుడు సంకేతాన్ని పంపే అవకాశం ఉంది. దాన్ని భద్రతా వ్యవధిగా సవరించండి. ఒక్కో బ్రేకర్ పౌరుడికి పంతొమ్మిది సెకన్ల భద్రతా వ్యవధిని కల్పిస్తున్నట్టు క్షేత్రస్థాయిలో రుజువైంది. ఇక ఆ రెండో అంశం. వేగం ఎక్కడ పెరుగుతోందన్నారు?"

"బ్రేకర్లకీ బ్రేకర్లకీ మధ్య సర్."

కమిషనర్ గారు అసిస్టెంట్ ఇంజనీరు విద్యాసాగర్ వైపు తిరిగారు. "అంటే లోపం బ్రేకర్లలో లేదు, మధ్యలో ఉంది. నోట్ చేసుకోండి. ఇకపై మధ్యలో బ్రేకర్ కోరుతూ వచ్చే ప్రతి అర్జీకీ సాంకేతిక అభ్యంతరాలు లేకుండా తక్షణ ఆమోదం."

విద్యాసాగర్ నోట్ చేసుకున్నాడు. లెక్చరరమ్మ రెండు గ్లాసుల మజ్జిగ తాగి వెళ్లిపోయింది.

మాలకొండయ్య మొండివాడు. మూడో సోమవారం కూడా వెళ్లి, ముచ్చటగా మూడో అర్జీ పెట్టాడు. ఈసారి వచ్చిన మేస్త్రీకి బ్రేకర్ ఎక్కడ పొయ్యాలో తోచలేదు. ఒక పక్క కల్వర్టు, ఇంకో పక్క కరెంటు స్తంభం. అర్జీలో ఉన్నది ఆ ఇంటి నంబరే, వేరేచోట పోస్తే ఫోటో చెల్లదు. చివరికి ముందు పోసిన రెండు బ్రేకర్ల మధ్య పల్లంలోనే మూడోది పోసేసి, సాపుగా రోలింగు చేసి, ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున మాలకొండయ్య తిట్టుకుంటూ మోపెడు తీశాడు. మొదటి బ్రేకర్ ఎక్కాడు. మామూలుగా అయితే వెంటనే దిగాలి, ముంతలు గలగలమనాలి. బండి దిగలేదు, ముంతలు మోగలేదు. పదడుగులు పోయినా, ఇరవై అడుగులు పోయినా బండి నీళ్ల మీద పోతున్నట్టు పోయింది. ఆ తర్వాతే ధబేలున కిందికి దిగింది. మాలకొండయ్య బండి ఆపి, వెనక్కి తిరిగి ఆ ఇరవై నాలుగడుగుల మేరా చూశాడు. రెండు గుట్టలు, మధ్యలో పల్లం. పల్లం పూడితే సాపు.

అతను బండి స్టాండు వేసి, రోడ్డు పక్కన కూర్చుని సిగ్గులేకుండా నవ్వాడు. లోపల్నుంచి రవణమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఏందయ్యా, పెరుగు ఒలికిందా?"

"రవణా, ఈ రోడ్డు బాగుపడాలంటే బ్రేకర్లు తీసెయ్యక్కర్లేదే. ఇంకా కావాలి. అసలు ఖాళీ అనేది లేకుండా కావాలి."

రవణమ్మ అతని నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

ఆ మధ్యాహ్నమే మాలకొండయ్య మేస్త్రీని పట్టుకున్నాడు. మేస్త్రీ నేల మీద పుల్లతో గీసి లెక్క చెప్పాడు. పన్నెండువందల మీటర్లలో రెండు చివర్లా వాలు పోను, ఒకదాన్నొకటి ఆనించి పోస్తే మూడొందల ఇరవై నాలుగు. వాటి మధ్య పల్లాలకి మూడొందల ఇరవై మూడు. మొత్తం ఆరొందల నలభై ఏడు. ఉన్నవి నలభై ఒకటి, మాలకొండయ్య సొంతానివి మూడు. ఇంకా ఆరొందల మూడు కావాలి.

"ఒక మనిషికి వారానికి ఒక అర్జీయే తీసుకుంటది కంప్యూటరు" అంది గౌసియా. "ఆరొందల మందిని ఎక్కడ తెస్తావు పెదనాన్నా?"

ఎక్కడ్నుంచో తేవాల్సిన పని లేకపోయింది. రోజుకి అరవై ముంతలు, అరవై మంది తినేవాళ్లు, బస్టాండు కనక పూటకో కొత్త మొహం. మర్నాటి నుంచి మెస్సులో పెరుగు ముంత కింద ఒక అర్జీ కాగితం కూడా వచ్చేది. 'మెయిన్ రోడ్డులో ఫలానా చోట స్పీడ్ బ్రేకర్ కావలెను.' శేషగిరి మొదట ససేమిరా అన్నాడు, మాలకొండయ్య చెవిలో సంగతి చెప్పాక తనే కలం అందించాడు. పెరుగన్న పేరుతో నీళ్లు తాగుతున్న జనం సంగతి విని కసికొద్దీ సంతకాలు చేశారు. కొందరైతే రెండో ముంత అడిగి తీసుకుని ఇంట్లోవాళ్ల చేత కూడా పెట్టించారు. పదోరోజు సాయంత్రానికి ఆరొందల మూడు కాగితాలు లెక్కకి వచ్చాయి. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులుంది.

సోమవారం ఆ కాగితాలన్నీ ఎక్కించేసరికి గౌసియా వేళ్లు వాచాయి. సాయంత్రం నాలుగు గంటలకి కమిషనర్ గారి గదిలో కంప్యూటరు ఎర్రబడింది.

తర్వాతి ఏడు రోజులు కొత్తమల్లవరం చరిత్రలో చెప్పుకోదగ్గవి. ఆ మునిసిపాలిటీలో ఒక మురుగుకాలవ మీద రెండు బండలు వెయ్యడానికి పదకొండేళ్లు పట్టింది. అలాంటి మునిసిపాలిటీ ఏడు రోజుల్లో ఆరొందల మూడు బ్రేకర్లు పోసింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు తారు డబ్బాలు మోయించాడు. పన్నుల గుమాస్తా రోలరు ముందు జెండా ఊపాడు. విద్యాసాగర్ గొడుగు కింద నిలబడి ఒక్కో బ్రేకరుకీ నంబరు వేస్తూ, నిద్రలేక మూడొందల పన్నెండు తర్వాత మూడొందల పది వేశాడు. కమిషనర్ గారు రోజుకి రెండుసార్లు వచ్చి, "పౌరుల్లో భద్రతా చైతన్యం ఈ స్థాయిలో పెల్లుబకడం నా సర్వీసులో ఎరగను" అని వెళ్లేవారు. మధ్యలో నాలుగు రోజులు రోడ్డంతా గుట్టలూ పల్లాలుగా ఉన్నప్పుడు మాలకొండయ్య పెరుగు ముంతలోంచి వెన్నగా దిగింది. రవణమ్మ అతన్ని తిట్టని తిట్టు లేదు. పల్లాలు పూడటం మొదలయ్యాక ఆమె నోరు తగ్గింది.

ఏడోరోజు రాత్రికి రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి అద్దంలా తయారైంది. ఒకటే తేడా, నాలుగంగుళాలు పైకొచ్చింది.

మర్నాడు పొద్దున మాలకొండయ్య ఆరు నిమిషాల్లో మెస్సు చేరాడు. శేషగిరి ముంత తిరగేశాడు. పది లెక్కపెట్టాడు. ఇరవై లెక్కపెట్టాడు. పెరుగు అలాగే వేలాడుతోంది. ఇడ్లీ తినేవాళ్లు చప్పట్లు కొట్టారు. శేషగిరి కళ్లు చెమర్చాయి, అయినా యజమాని కనక పైకి మాత్రం, "ఇవాళ ముప్ఫయ్యో తారీఖే. మాట రేపటిది" అన్నాడు.

ఒకటో తారీఖున సన్మానం వచ్చిపడింది. వారం రోజుల్లో ఆరొందల మూడు అర్జీలు పరిష్కరించిన కొత్తమల్లవరం మునిసిపాలిటీకి రాష్ట్రస్థాయి అభినందన పత్రం ఇవ్వడానికి పైఆఫీసు నుంచి జాయింట్ డైరెక్టర్ గారు వస్తున్నారు. సభ బస్టాండు ముందే. ఉద్యమానికి ఆద్యుడిగా మాలకొండయ్యకి శాలువా. భోజనం శేషగిరి మెస్సులో, పెరుగు మాలకొండయ్యది. ముంత తిరగేసే ముచ్చట కూడా అతిథి ముందు పెట్టాలని చైర్‌పర్సన్ గారి భర్త కోరిక.

ముందురోజు సాయంత్రం విద్యాసాగర్ యాదవపాలెం వచ్చాడు. అరుగు మీద కూర్చుని, ఒకసారి దగ్గి, మరోసారి దగ్గి, విషయానికొచ్చాడు.

"మాలకొండయ్యా, రేపు జాయింట్ డైరెక్టర్ గారు కేవలం సన్మానానికి రావట్లేదు. బ్రేకర్లు పనిచేస్తున్నాయా లేదా అనే అంశాన్ని కూడా పరిశీలిస్తారు. ఆరొందల నలభై ఏడు బ్రేకర్ల మీదుగా వచ్చిన పెరుగు చెక్కుచెదరకుండా కనపడితే, ఆయనకి సాంకేతికపరమైన సందేహం కలిగే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ ఒక్కరోజుకి పెరుగు కొంచెం పలచగా తోడుపెట్టించు. తిరగేసినప్పుడు పడాలి. పడితే నీ రోడ్డు నీకుంటుంది."

మాలకొండయ్య మనసులోనే లెక్క వేసుకున్నాడు. రేపు ఒకటో తారీఖు. పెరుగు పడితే రోడ్డు దక్కుతుంది, శేషగిరి పోతాడు. పడకపోతే శేషగిరి దక్కుతాడు, రోడ్డు పోతుంది. రోడ్డు పోతే రెండోరోజు శేషగిరీ పోతాడు.

"శేషగిరికి ముందే చెప్పుకుంటానులే సారూ" అన్నాడు చివరికి. "ఈ ఒక్కరోజుకి ఓర్చుకోమని."

లోపల పొయ్యి దగ్గర్నుంచి రవణమ్మ బయటికొచ్చింది. చేతిలో తోడు గిన్నె ఉంది. "శేషగిరి ఓర్చుకుంటాడేమో. నేను ఓర్చుకోను. నా చేత్తో పలచన పెరుగు ఇంతవరకు తోడుపెట్టలా. ఊరందరి ముందు మా ముంత జారిందనిపించుకుని తర్వాత ఏ మొహం పెట్టుకుని అమ్మేది? మీ రోడ్డు సంగతి మీరు చూసుకోండి సారూ. పెరుగు సంగతి నేను చూసుకుంటా."

రవణమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి విద్యాసాగర్ వెళ్లిపోయాడు. ఆ మజ్జిగ కూడా చిక్కగానే ఉంది.

సభకి చేరిన జనం మామూలు జనం కాదు. కమిషనర్ గారు పదిహేను నిమిషాలు మాట్లాడారు. ప్రపంచంలో మరెక్కడా పన్నెండువందల మీటర్ల పొడవునా విరామమెరుగని భద్రత లేదన్నారు. మొత్తం భద్రతా వ్యవధి కోసం ఆరొందల నలభై ఏడుని పంతొమ్మిది సెకన్లతో గుణించి, ఈ రోడ్డు దాటడానికి పౌరుడికి ఇప్పుడు సుమారు మూడున్నర గంటల రక్షణ లభిస్తోందని ప్రకటించారు. జాయింట్ డైరెక్టర్ గారు తన వాచీ చూసుకున్నారు. ఆయన ఆ రోడ్డు మీదుగా రెండు నిమిషాల్లో వచ్చారు.

తర్వాత మాలకొండయ్యకి శాలువా కప్పారు. శేషగిరి పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులోంచి ఒక ముంత తీసి మాలకొండయ్య చేతికే ఇచ్చి, "ఇవాళ నువ్వే తిరగెయ్" అన్నాడు.

ముంత చల్లగా, బరువుగా ఉంది. ముందు వరసలో కూర్చున్న విద్యాసాగర్ కళ్లతోనే బతిమాలుతున్నాడు. చేతిని కొంచెం విదిలిస్తే చాలు, ఎంత గడ్డ పెరుగైనా జారుతుంది. ఆ సంగతి మాలకొండయ్యకి తెలుసు. ఆడవాళ్ల వరసలో రవణమ్మ కొంగు బిగించుకుని నిలబడి అతని మణికట్టు వైపే చూస్తోంది. ఆ సంగతీ తెలుసు. అతనికి తండ్రి గుర్తొచ్చాడు. ముంతని మెల్లగా, పసిబిడ్డ తల పట్టుకున్నట్టు పట్టుకుని, తలకిందులు చేశాడు.

జనమంతా లెక్కపెట్టారు. పది. పదిహేను. ఇరవై. పెరుగు కదల్లేదు. మాలకొండయ్య గుండె పొంగిపోయింది, అయినా విద్యాసాగర్ వైపు మాత్రం చూడలేదు.

జాయింట్ డైరెక్టర్ గారు కూడా చప్పట్లు కొట్టారు. కొట్టి, ఆగి, అడిగారు. "ఈ పెరుగు ఎక్కడినుంచి వచ్చింది?"

"యాదవపాలెం నుంచి సర్" అన్నాడు చైర్‌పర్సన్ గారి భర్త గర్వంగా. "మొత్తం ఆరొందల నలభై ఏడు బ్రేకర్లూ దాటుకుని వచ్చింది."

"దాటుకుని వచ్చి కదల్లేదా?"

విద్యాసాగర్ ఒకసారి దగ్గాడు. కమిషనర్ గారి మొహం అభినందన పత్రం రంగులోకి మారింది. అయినా ఆయన ఊరికే కమిషనర్ కాలేదు. లేచి నిలబడి గొంతు సవరించుకున్నారు. "సర్, మీ నిశిత పరిశీలన మాకు మార్గదర్శకం. ప్రస్తుత బ్రేకర్లు తమ లక్ష్యాన్ని పూర్తిగా సాధించి, సంతృప్త స్థితికి చేరుకున్నాయి. కనక వీటినే పునాదిగా పరిగణించి, వీటి మీద రెండో దశ బ్రేకర్లను యుద్ధప్రాతిపదికన చేపట్టడానికి ఈ వేదిక మీదే తీర్మానిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. అభినందన పత్రం చేతులు మారింది. శేషగిరి మాలకొండయ్య భుజం తట్టి, "మాట మాటే, ముంత నిలబడింది. పెరుగు నీదే" అన్నాడు. తర్వాత కాస్త ఆగి, "ఉన్నన్నాళ్లు" అన్నాడు.

వారం తిరిగేసరికి సాపైన రోడ్డు మీద నలభై కొత్త బ్రేకర్లు లేచాయి. మొదటిది చైర్‌పర్సన్ గారి ఇంటి ముందే. ముంతలు మళ్లీ గలగలమన్నాయి. దానికి తోడు ఒక వాన కురిసింది. ఎత్తు పెరిగిన రోడ్డు మీద నీళ్లు నిలవక, యాదవపాలెంలో ప్రతి ఇంట్లోకీ మర్యాదగా మెట్లు దిగి వెళ్లాయి. రవణమ్మ తోడు పెట్టిన ముంతలు నడింట్లో తేలాయి.

సోమవారం కౌంటరు తెరిచేసరికి వరసలో మొదట మాలకొండయ్యే ఉన్నాడు. చంకలో కాగితాల కట్ట, భుజం మీద సన్మానం శాలువా. గౌసియా అతన్ని చూసి వేళ్లు విరుచుకుంది.

"ఈసారి ఎన్ని పెదనాన్నా?"

"పాత లెక్కే తల్లీ. ఉన్న నలభై పోను ఆరొందల ఏడు. రెండో అంతస్తుకి."

ఆమె ఎక్కించడం మొదలుపెట్టింది. సగమయ్యాక మాలకొండయ్య జేబులోంచి ఇంకో కాగితం తీసి, కొంచెం సిగ్గుపడుతూ ముందుకి జరిపాడు.

"ఇది మీ పెద్దమ్మ పంపింది. రోడ్డు నీళ్లు ఇంట్లోకొస్తుండాయి. ఇంటి నేల ఎత్తు చెయ్యాలి. దానికేదన్నా గడి ఉందా?"

గౌసియా వెతికింది. చివరిదాకా వెతికి, తలెత్తి అతని మొహంలోకి చూసింది.

"అదే నొక్కు" అన్నాడు మాలకొండయ్య. "స్పీడ్ బ్రేకర్ కావాలి."

"స్థలం ఎక్కడని రాయను?"

"మా నడింట్లో. గోడ నుంచి గోడ దాకా. పల్లాలతో కలిపి ఒక మూడు చాలు."

గౌసియా టైపు చేసింది. కంప్యూటరు ఒప్పుకుంది.